యల్లాప్రగడ సుబ్బారావు: మట్టిలో మందు వెదికించిన వైద్యుడు

ఒడిశాలోని గంజాం మొదలు మహారాష్ట్రలోని గడ్చిరోలి, నాందేడ్ వరకు, కర్ణాటకలోని బీదరు, కలబురగి మొదలు తమిళనాడు ఉత్తర జిల్లాల వరకు, తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఊళ్లలో బోదకాలు మాత్రను ఎరుగని ఇల్లు అరుదు. ఆరోగ్య కార్యకర్తలు గుమ్మం ముందు నిలబడి మింగించే ఆ మాత్ర పేరు డైఇథైల్ కార్బమజైన్. వైద్యులు క్లుప్తంగా డి.ఇ.సి. అంటారు. 1947లో అమెరికాలో ఆ మందును వెలికితీసిన పరిశోధక బృందానికి నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితగాథను తెలుగు పత్రికలు పలుమార్లు ప్రకటించాయి. అయితే ఆ గాథలో ఈస్టుకు, బూజుకు, పొలం మట్టిలో కంటికి కనబడక బ్రతికే జీవులకు ఉన్న పాత్రను గురించి చెప్పినవి తక్కువ.

సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. నేటి ఆంధ్ర, తమిళ ప్రాంతాలలో అధిక భాగమూ ఒడిశా దక్షిణ భాగమూ నాడు మద్రాసు రాజధాని అనే ఒకే పాలన క్రింద ఉండేవి. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వలన ఆయన ముందుగానే ఉద్యోగం విరమించవలసి వచ్చినందున, ఏడుగురు సంతానం గల ఆ ఇంటి భారమంతా తల్లి వెంకమ్మపై పడింది. కుర్రవాడికి చదువు పట్టలేదు. పదమూడవ ఏట ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనం గడించాలని బయలుదేరగా, తల్లి దారిలోనే పట్టి వెనుకకు తెచ్చిందని చెబుతారు. రాజమండ్రిలో చదివించారు, ఫలితం కనబడలేదు. చివరకు మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ఆ చదువు కొరకు వెంకమ్మ తన నగలు అమ్మింది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగిసిన పిమ్మట యువకుని మనస్సు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం తీసుకొనుటకు తల్లి అంగీకరించలేదు. వైద్యుడైతే మఠం వారి ఆసుపత్రులలో సేవ చేయవచ్చునన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులు కొంత, తరువాత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి కొంత ఖర్చు భరించారు. 1919లో శేషగిరితో వివాహం జరిగింది. అవి గాంధీగారి పిలుపు దేశమంతటా మారుమ్రోగుతున్న రోజులు. శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు ఉడుపులతో వెళ్లిన విద్యార్థిపై ఆంగ్ల ఆచార్యునికి ఆగ్రహం కలిగింది. తక్కిన పరీక్షలన్నీ చక్కగా వ్రాసినప్పటికీ సుబ్బారావుకు దక్కినది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. ఆ తక్కువ పట్టా తరువాత అమెరికాలో కూడా ఆయనకు అడ్డుగా నిలిచింది.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలింది. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులిద్దరినీ ఎనిమిది రోజుల వ్యవధిలో బలిగొన్నది. పేగుల లోపలి పొర క్షీణించి, తిన్న ఆహారం ఒంటికి పట్టక, నాలుక పుండై, విరేచనాలతో మనిషి ఎండిపోయి, రక్తం పలచబడే వ్యాధి అది. ఆయుర్వేదం గ్రహణి అని చెప్పేదానికి దగ్గరి లక్షణాలు గలది. నాటి ఆసుపత్రులలో దానికి మందు లేదు. సుబ్బారావుకు సైతం అదే వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఆ కృతజ్ఞతతోనో, ఇంగ్లీషు వైద్యం చేతులెత్తేసిన చోట వేరొక వైద్యం ఎట్లు పనిచేసిందో తెలుసుకోవాలన్న కుతూహలంతోనో, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు. ఆ మూలికలలో ఏ పదార్థం పనిచేసిందన్న ప్రశ్న మాత్రం ఆయనను విడువలేదు. దానికి జవాబు చెప్పగల ప్రయోగశాల మద్రాసులో లేదు.

విదేశ ప్రయాణానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి వారు సహాయం చేశారు. రంగూనులో వ్యాపారం చేసి గడించిన ధనాన్ని స్వస్థలంలో విద్యకు, అన్నదానానికి విడిచిపెట్టిన దాత ఆయన. యానాం వారికి కూతవేటు దూరంలోని కాకినాడలో ఆ సంస్థ పేరు నేటికీ సుపరిచితమే. మిగిలిన సొమ్ము మామగారు సమకూర్చారు. గర్భవతియైన భార్యను పుట్టింట ఉంచి, కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానన్న మాటతో బయలుదేరిన సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్ నగరం చేరారు. తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరిన ఆయనకు ఎల్.ఎం.ఎస్. పట్టాతో వైద్యవృత్తి సాగించే వీలు లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పనివానిగా కుదిరి, పగలు చదువుకున్నారు. డిప్లొమా ముగిసిన పిమ్మట జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె వద్ద చేరారు. 1925లో వారిరువురూ రక్తంలోను మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని ప్రకటించారు. ద్రావణంలో నీలిరంగు పుట్టించి, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి పాళ్లు కట్టే పద్ధతి అది. జీవరసాయన విద్యార్థులు ఫిస్కె-సుబ్బారావు పద్ధతి అని నేటికీ నేర్చుకునేది దానినే.

ఆ కొలబద్దతో కండరాన్ని పరిశీలించగా కొత్త సంగతులు బయటపడ్డాయి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఎ.టి.పి., వారికి చిక్కాయి. రెండవదానిని అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నాడు. జీవకణానికి ఎ.టి.పి. చేతిలోని చిల్లర వంటిది. ప్రతి చిన్న పనికీ కణం దానినే ఖర్చు పెడుతుంది. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ప్రక్కనే ఉంచుకున్న డబ్బుపెట్టె వంటిది. చిల్లర తరిగిన క్షణాన ఆ పెట్టె నుండి నింపుకొంటుంది. నాగలి పట్టిన రైతు భుజంలోనైనా, వరిమొక్క వేరులోనైనా, కల్లు పులియజేసే ఈస్టు కణంలోనైనా చెల్లేది ఈ ఒక్క నాణెమే. సుబ్బారావు కనుగొన్నవాటిలో కణజీవశాస్త్రానికి దీనిని మించినది లేదు. అయినను సామాన్య పాఠకులకు ఆయన పేరు చేరినది మందుల ద్వారానే కాని దీని ద్వారా కాదు.

1930లో డాక్టరేటు వచ్చింది. హార్వర్డులో స్థిరమైన పదవి మాత్రం రాలేదు. పరిశోధనల ఘనతను ఆయన ఫిస్కెకే విడిచిపెట్టేవారు, తన వంతును గట్టిగా చెప్పుకునే స్వభావం కాదు. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ ఆ రోజుల్లో అదే శాఖలో విద్యార్థి. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు ప్రకటనకు నోచుకోలేదనీ, ఇతరులు ఏళ్ల తరువాత వాటిని మళ్లీ కనుగొనవలసి వచ్చిందనీ ఆయన చెప్పినట్లు ప్రసిద్ధి. ఇందుకు ఫిస్కె అసూయ కారణమని పలువురు వ్రాశారు. ఆసియా వాసులకు అమెరికా పౌరసత్వమే ఇవ్వని ఆ కాలపు చట్టాలను, రంగును చూసి మనిషిని లెక్కించే సమాజాన్ని విడిచి, తప్పంతా ఒక్క మనిషిపై మోపడం సమంజసం కాదు.

ఇంతలో సోదరులను బలిగొన్న వ్యాధికి సంబంధించిన ఒక ఆనవాలు భారతదేశంలోనే, అదీ ఒక శిలీంధ్రం రూపంలో, బయటపడింది. 1928 నుండి బొంబాయిలో పనిచేసిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, బట్టలమిల్లులలో పనిచేసే పేద గర్భిణులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. అనేక ఆహారాలు ప్రయత్నించిన మీదట, మార్మైట్ అనే చౌకైన పచ్చడి వంటి పదార్థం ఇవ్వగా వారి రక్తం వృద్ధి చెందింది. 1931లో ఆ ఫలితాలను ప్రకటించారు. బీరు కాచగా అడుగున మిగిలిన ఈస్టు నుండి తయారయ్యేదే మార్మైట్. ఈస్టు ఏకకణ శిలీంధ్రం, పుట్టగొడుగుకు, రొట్టెపై పట్టే బూజుకు దాయాది. రక్తం తయారగుటకు మనిషి శరీరానికి కావలసినదై, శరీరం స్వయంగా చేసుకోలేని ఏదో పదార్థాన్ని ఆ జీవి తన కణంలో తయారు చేసుకొంటున్నదని తేలింది. కాలేయంలోను ఆకుకూరలలోను అదే ఉన్నది. 1941లో తోటకూర వంటి పాలకూర ఆకుల నుండి కొంత వేరుచేసినవారు, ఆకు అనే అర్థం గల లాటిన్ మాట నుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

1940లో సుబ్బారావు హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరారు. కొద్ది కాలంలోనే అక్కడి పరిశోధనకు అధిపతి అయ్యారు. ఫోలిక్ ఆమ్లాన్ని శుద్ధరూపంలో పట్టుకొని, దాని నిర్మాణం తెలుసుకొని, కృత్రిమంగా తయారుచేయడం ఆయన పెట్టుకున్న లక్ష్యం. టన్నులకొద్దీ కాలేయం నుండి చిటికెడు పదార్థం కూడా రాని దశలో, కొన్ని సూక్ష్మజీవులను పులియబెట్టగా వచ్చిన ద్రవం నుండి దానికి దగ్గరి పదార్థం దొరికింది. రాబర్ట్ స్టోక్‌స్టాడ్ మొదలగువారు కలిసి పనిచేయగా 1945లో ఫోలిక్ ఆమ్లం సీసాలలోకి ఎక్కింది. వెంటనే అమెరికా వైద్యులు క్యూబాలోను, పోర్టోరికోలోను స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. మంచం పట్టినవారు కొద్ది రోజులలో లేచి అన్నం తిన్నారు. అప్పటికి భీమవరం కుటుంబంలో ఆ ఇద్దరు సోదరులు పోయి పాతికేళ్లు కావస్తున్నది. నేడు గర్భిణులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

పెరిగే కణానికి ఫోలిక్ ఆమ్లం అవసరమైతే, మితిమీరి పెరిగే క్యాన్సర్ కణానికి దానిని అందనీయకుండ చేస్తే ఏమగును? బోస్టన్‌లో పిల్లల రక్తక్యాన్సర్‌తో పోరాడుతున్న సిడ్నీ ఫార్బర్ ఈ ప్రశ్న వేయగా, సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని చోటును ఆక్రమించే అమినాప్టెరిన్ తయారుచేసి పంపింది. అసలు తాళంచెవి వలెనే ఉండి తాళం తీయని దొంగచెవి వంటిదది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో, ఇక బ్రతకరని విడిచిన పిల్లలలో కొందరు తాత్కాలికంగానైనా కోలుకున్నారు. క్యాన్సరుకు మందు ఉండగలదని మొదట నమ్మకం కలిగించినవాటిలో అది ఒకటి. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. కీళ్లవాతానికి వారానికి ఒక్కమారు వేసుకొమ్మని వైద్యులు వ్రాసే చిన్న మాత్ర అదే. రోజూ వేసుకొంటే ప్రాణాపాయం.

అదే కాలంలో ప్రపంచమంతా బూజు వైపు చూస్తున్నది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గాజుపళ్లెంలో కనిపించిన పెన్సిలియం బూజు నుండి, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెన్సిలిన్ విరివిగా తయారైంది. తయారుచేసిన సంస్థలలో లెడర్లీ ఒకటి. పెన్సిలిన్ గొప్పదే కాని, అనేక రకాల సూక్ష్మజీవులపై అది పనిచేయదు. మట్టిలో ఇంకేమున్నదో వెదకాలని సుబ్బారావు నిశ్చయించారు. ఆ పనికి ఆయన ఎంచుకొన్న మనిషి బెంజమిన్ డగ్గర్.

డగ్గర్ వైద్యుడు కాదు, మొక్కల తెగుళ్ల శాస్త్రజ్ఞుడు. మొక్కలకు శిలీంధ్రాల వలన వచ్చే తెగుళ్లను గురించి 1909లో అమెరికాలో తొలి పాఠ్యగ్రంథాలలో ఒకటి వ్రాసినవాడు, పుట్టగొడుగుల పెంపకంపై కూడా పుస్తకం వ్రాసినవాడు. 71 ఏళ్ల వయస్సులో విశ్వవిద్యాలయం పదవీవిరమణ ఇవ్వగా, మరుసటి ఏడు లెడర్లీలో చేరాడు. పొలం తెగుళ్లు చూసిన కన్ను మందుల గదిలో పనికివస్తుందని గుర్తించడం సుబ్బారావు విజ్ఞత. అనేక ప్రాంతాల నుండి మట్టి నమూనాలు తెప్పించి, అందులోని ప్రతి జీవిని వేరుగా పెంచి, అది రోగక్రిములను చంపుతున్నదో లేదో చూడసాగారు. 1945లో మిస్సౌరీ విశ్వవిద్యాలయపు పాత ప్రయోగ క్షేత్రమైన శాన్‌బర్న్ ఫీల్డులో, పశువుల మేతకై టిమోతీ గడ్డి పెంచుతున్న ఒక మడి నుండి వచ్చిన మట్టిలో బంగారు పసుపు రంగు గల సన్నని దారాల వంటి జీవి కనబడింది. దానికి స్ట్రెప్టోమైసెస్ ఆరియోఫేషియెన్స్ అని నామకరణం చేశారు. ఆ జీవి స్రవించే మందుకు ఆరియోమైసిన్ అని పేరు. మొదటి భాగానికి లాటిన్‌లో బంగారమని, మైసిన్‌కు మూలమైన గ్రీకు మాటకు శిలీంధ్రమని అర్థం.

వాస్తవానికి ఆ జీవి శిలీంధ్రం కాదు. బూజు వలె దారాలుగా పెరిగినందున, విత్తనాల వంటి బీజాలను రాల్చినందున, ఆ జాతిని నాటి శాస్త్రజ్ఞులలో పలువురు శిలీంధ్రాలలోనో, వాటికి బాక్టీరియాకు నడుమనో లెక్కించేవారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత సందేహం తీరింది. అందులో పొర కట్టిన కేంద్రకం లేదు, గోడ బాక్టీరియా గోడ. శిలీంధ్ర కణమో, మనుష్య కణం వలె కేంద్రకం గలది. మొక్కల కంటె జంతువులకే శిలీంధ్రాలు దగ్గరి బంధువులని నేటి శాస్త్రం చెబుతున్నది.

ఇది పేర్ల తగవు మాత్రమే అనుకొనరాదు. ఆరియోమైసిన్, దాని సంతతి అయిన టెట్రాసైక్లిన్ మందులు బాక్టీరియాలో ప్రోటీన్లు అల్లే యంత్రాన్ని నిలిపివేస్తాయి. మన కణాలలోను శిలీంధ్ర కణాలలోను ఆ యంత్రం వేరు నమూనాకు చెందినది. అందుచేత ఆ మందు రోగిని వదలి క్రిమిని చంపగలదు. అందుచేతనే తామరకు, ఇతర బూజు వ్యాధులకు అది పనికిరాదు. పొలంలోను ఇదే న్యాయం. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులుకు, దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులుకు షోలాపూర్ నుండి అనంతపురం, కొప్పళ వరకు రైతులు చల్లుతూ వచ్చిన స్ట్రెప్టోసైక్లిన్ పొడిలో పదోవంతు టెట్రాసైక్లిన్. అదే పొడిని వరి అగ్గితెగులుపై చల్లితే డబ్బు వృథా, ఏలనన అగ్గితెగులు శిలీంధ్రం వలన వచ్చేది. మనుష్యులకు కావలసిన ఇట్టి మందులను పంటలపై చల్లితే క్రిములు వాటికి అలవాటుపడి రేపు ఆసుపత్రిలో మందు పనిచేయకుండ పోవునన్న భయంతో, ఈ రెండు మందుల వ్యవసాయ వాడకాన్ని దశలవారీగా మాన్పించుటకు కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది.

ఆ అలవాటుకు బీజం కూడా పెర్ల్ రివర్‌లోనే పడింది. ఆరియోమైసిన్ పిండగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపి చూసిన స్టోక్‌స్టాడ్, థామస్ జ్యూక్స్ అవి త్వరగా బరువెక్కుతున్నాయని గమనించి 1950లో ప్రకటించారు. దరిమిలా దశాబ్దాల తరబడి ప్రపంచమంతటా జబ్బులేని కోళ్లకు, పందులకు, దూడలకు మేతలో యాంటీబయాటిక్ కలపడం ఆచారమైంది. ఐరోపా దేశాలు 2006లో, అమెరికా 2017లో బరువు పెంచుటకై ఆ వాడకాన్ని నిలిపివేశాయి. సుబ్బారావు అప్పటికే లేరు. ఆయన ఉండి ఉంటే ఏమనేవారో ఊహించి వ్రాయడం తగదు.

ఆరియోమైసిన్‌ను సుబ్బారావు కనుగొన్నారని కొన్ని తెలుగు పుస్తకాలు వ్రాస్తాయి. పళ్లెంలో ఆ పసుపు దారాలను గుర్తించినవాడు డగ్గర్. ఏ మట్టిలో వెదకాలో, ఎవరితో వెదికించాలో, ఎంత ఖర్చుకు ఓర్చుకోవాలో నిర్ణయించినవారు సుబ్బారావు. ఆ రెండవ పని చిన్నది కాదు, కనుక మొదటిదానిని లాగి ఆయనకు అంటగట్టవలసిన అవసరం లేదు. డి.ఇ.సి. విషయమూ అట్టిదే. పిపరజైన్ అనే పదార్థపు రూపాంతరాలను ఎలుకలలోని ఫైలేరియా పురుగులపై ఒకదాని తరువాత ఒకటి పరీక్షించిన సహచరులు పలువురు. పసిఫిక్ యుద్ధరంగంలో అమెరికా సైనికులకు బోదకాలు సోకుతున్నదని ప్రభుత్వం ఆందోళన చెందుతున్న రోజులవి. గోదావరి డెల్టాలో పుట్టి, ఆ వ్యాధితో కాలీడ్చే మనుష్యులను బాల్యం నుండి చూసిన వైద్యునికి దానిపై పట్టుదల కలగడానికి వేరే కారణం అక్కరలేదు.

1948 జూలైలో న్యూయార్కు విజ్ఞానశాస్త్ర అకాడమీలో ఆరియోమైసిన్ లోకానికి వెల్లడైంది. పెన్సిలిన్‌కు లొంగని వ్యాధులపై పనిచేస్తుంది, సూదితో పనిలేక నోటితో మింగవచ్చు. మరుసటి నెలలోనే, ఆగస్టులో, సుబ్బారావు రాత్రి నిద్రలో గుండె ఆగి మరణించారు. వయస్సు 53. భారతీయులకు పౌరసత్వం ఇచ్చే చట్టం 1946లో వచ్చినప్పటికీ, ఆయన అమెరికా పౌరుడు కాకుండానే, అప్పటికి ఏడాది వయస్సు గల స్వతంత్ర భారతదేశపు పౌరునిగానే పోయారు. కొద్ది సంవత్సరాలలో వస్తానన్న భర్త కొరకు శేషగిరి పాతికేళ్లు ఎదురుచూసింది. లోకానికి ఇన్ని మందులిచ్చిన మనిషి ఆ ఒక్క మాటను నిలుపుకోలేకపోయారు. పని ముగియలేదన్నది ఆయన సంజాయిషీ. మరొక పని ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది. ఈ విషయంలో ఆయనను సమర్థిస్తూ వ్రాసినవారు ఆమె వైపు నుండి ఆలోచించినట్లు కనబడదు.

ఆయన వెదికించిన దారి మాత్రం ఆగలేదు. ఆరియోమైసిన్ అణువును కొద్దిగా మార్చగా టెట్రాసైక్లిన్ వచ్చింది, తరువాత అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ వచ్చింది. 1994లో సూరత్‌లో ప్లేగు అలజడి రేగినప్పుడు జనం మందుల దుకాణాలపై పడి కొన్నది టెట్రాసైక్లిన్‌నే. చిత్తూరు, వేలూరు ప్రాంతాలలో పొదలలో తిరిగినవారికి నల్లి పిల్లలు కుట్టినందున వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి నేటికీ మొదటి మందు డాక్సీసైక్లిన్. 2021లో కరోనా వెనుకనే వచ్చిన నల్ల ఫంగస్‌కు ఆసుపత్రులలో దొరకక జనం పరుగులెత్తిన ఆంఫొటెరిసిన్ కూడా స్ట్రెప్టోమైసెస్ జాతి జీవి ఇచ్చినదే. శిలీంధ్ర కణం చాలవరకు మన కణాన్ని పోలి ఉన్నందున దానిని చంపే మందు మనలనూ బాధిస్తుంది. కనుకనే ఆ కోవకు చెందిన మందులు తక్కువ, చికిత్స కష్టం. బోదకాలు నిర్మూలనకై మన దేశంలో 2018 నుండి ఎంపిక చేసిన జిల్లాలలో ఇస్తున్న మూడు మందులలో సుబ్బారావు డి.ఇ.సి. ఒకటి, ఆల్బెండజోల్ ఒకటి. మూడవదైన ఐవర్‌మెక్టిన్ మూలం జపాను మట్టిలో సతోషి ఒమురాకు దొరికిన మరొక స్ట్రెప్టోమైసెస్. దానికి ఆయన 2015లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం సుబ్బారావు బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది. అంతకు చాలా ముందే, లెడర్లీలో పనిచేసిన క్లిఫర్డ్ హెసెల్టైన్ అనే శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు వేరొక విధంగా ఆయనను స్మరించాడు. పట్టణాల మురుగునీటిని రాళ్ల పరుపుపై చుక్కలుగా జార్చి శుభ్రపరిచే వడపోత కట్టడాలు ఉంటాయి. ఆ రాళ్లపై జిగటగా పట్టిన బాక్టీరియా, శిలీంధ్రాలు మురుగులోని మలినాన్ని తిని నీటిని తేటపరుస్తాయి. ఆ జిగటలో అంతవరకు ఎవరూ వర్ణించని శిలీంధ్రమొకటి ఆయనకు కనబడింది. పేర్లలోనే బూజు గల స్ట్రెప్టోమైసెస్ వంటిది కాదు, కేంద్రకమున్న నిజమైన శిలీంధ్రం. 1953లో దానికొక కొత్త ప్రజాతి కల్పించి, సుబ్బరోమైసెస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. అనగా సుబ్బారావు శిలీంధ్రం, ప్రకాశించునది.